మిగిలిన ముక్క

నడుము చుట్టూ టేపు పెట్టగానే ఆడవాళ్ళందరూ పొట్ట లోపలికి లాక్కుంటారు. కోరుట్లలో పదకొండేళ్ళుగా జాకెట్లు, డ్రెస్సులు కుడుతున్నాను, లాక్కోని మనిషిని ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు. "ఊపిరి వదులు వదినా. పెండ్లిల కూసున్నంక కుట్లు పిగిల్తె మళ్ల నన్నే తిడ్తవ్" అంటాను. నవ్వుతారు, వదులుతారు. అసలు కొలత అప్పుడు వస్తుంది.

అలాంటి నేను జగిత్యాలలో డాక్టరమ్మ ముందు నిలబడి, ఆమె కుచ్చిళ్ళు కిందికి దించమనగానే, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాను. ఆమె కాసేపు చూసింది. "ఎంతసేపు పట్టుకుంటావమ్మా? వదిలెయ్" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. వదిలాను. ఏడేళ్ళ కిందట ఇద్దరిని మోసిన పొట్ట ముందుకు జారి వేలాడింది.

ఆ పొట్టతో నేను పడ్డ బాధలో సగం నొప్పి, సగం జనం. మిషన్ ముందు వంగి కూర్చుంటే బొడ్డు దగ్గర ఏదో బయటికి తోసుకొచ్చేది, చేత్తో లోపలికి నొక్కి పెట్టుకుని మళ్ళీ తొక్కేదాన్ని. సాయంత్రానికి నడుము పడిపోయేది. ఇక బస్సెక్కితే చాలు, ఎవరో ఒక పెద్దామె జరిగి చోటిచ్చి, "ఎన్నో నెల బిడ్డా?" అని అడిగేది. మొదట్లో ఏమీ లేదని చెప్పి తల దించుకునేదాన్ని. తర్వాత తర్వాత నోరు ఊరుకోలేదు. మేడిపల్లి దగ్గర ఎక్కిన ఒకామెకు "ఎనభై నాలుగో నెల" అని చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగిపోయింది. దిగేదాకా నా వైపు చూడలేదు. పాపం ఆమె తప్పేముంది, చోటిచ్చింది కదా అని తర్వాత అనిపించింది.

నాకు పుట్టింది ఇద్దరు. ఒకే కాన్పులో ఒక పాప, ఒక బాబు. పాప ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. బాబు మూడు రోజులు బతికాడు. నేను వాడిని చూడలేదు. కాన్పు ఆపరేషన్ తర్వాత రక్తం ఆగక నన్ను ఒక వార్డులో పెట్టారు, వాడిని ఇంకో అంతస్తులో అద్దాల పెట్టెలో పెట్టారు. నాకు సరిగా తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇద్దరు పుడుతున్నారు, ఇక చాలనుకుని ఆ ఆపరేషన్‌తో పాటే పిల్లలు పుట్టకుండా కూడా చేయించుకున్నాను. కాగితం మీద సంతకం నేనే పెట్టాను, ఎవరినీ అనడానికి లేదు.

"వాణ్ణి ఎక్కడ వెట్టిండ్రు?" అని అడిగితే మా అమ్మ, "ఎల్లారెడ్డిపేట చేన్ల పెట్టినం బిడ్డా, మొత్తం కిందికి, మూలకు. తల్లి సూడద్దు" అంది. మా దగ్గర పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. తల్లిని ఆ చోటికి తీసుకెళ్ళరు. ఆ చేను మా అమ్మ వాళ్ళది, వానపడితేనే ఏదైనా పండే ఎర్రనేల. ఒక ఏడాది ఓపిక పట్టి ఆ తర్వాత ఎవరి మాటా వినలేదు. ఏటా ఎండాకాలం సిరిసిల్లకు, అమ్మ దగ్గరికి పోయినప్పుడు ఆ చేనుకు పోయేదాన్ని. ఆ మూలన కాసేపు నిలబడి, ఒక బిస్కెట్ ప్యాకెట్ విప్పి పెట్టి వచ్చేదాన్ని. అమ్మ నాతో వచ్చేది గానీ గట్టు దిగేది కాదు. అటువైపు తిరిగి నిలబడేది. దుఃఖం ఆపుకోలేక అనుకున్నాను.

వాడి ఫోటో లేదు. ఇరవై ఒకటో రోజు దాకా ఉంటే పేరన్నా ఉండేది. వాడు ఉన్నాడు అని చెప్పడానికి మిగిలింది నా పొట్ట ఒక్కటే. కడుపులో కుడివైపు కింద ఉన్నది బాబేనని ఆపరేషన్ దగ్గరున్న నర్సు తర్వాత చెప్పింది. చర్మం మీద చారలు ఆ వైపే ఎక్కువగా, లోతుగా ఉండేవి. వాడు తన్నిన చోటు అది. పాపకు కూడా చూపించేదాన్ని. స్నానం చేయించేటప్పుడు అది నా పొట్ట మీద వేలు పెట్టి, "తమ్ముడు గీ దిక్కుండె, నేను గా దిక్కున్న" అని తనకు తానే పాఠంలా చెప్పుకునేది.

డాక్టరమ్మ హైదరాబాద్ నుంచి నెలకు రెండుసార్లు జగిత్యాలకు వచ్చేది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి తల మాత్రం ఎత్తమంది. ఎత్తగానే పొట్ట మధ్యలో, డొక్కల కింది నుంచి బొడ్డు దాకా, ఒక గట్టులా లేచింది. "చూశావా, లోపల కండరాలు రెండువైపులకూ విడిపోయాయి. నా మూడు వేళ్ళు పడుతున్నాయి. బొడ్డు దగ్గర హెర్నియా కూడా ఉంది" అని, కాగితం తీసుకుని మూడు బొమ్మలు గీసింది.

మొదటిది చిన్న ఆపరేషన్. పాత కాన్పు కుట్టు మీదనే కోసి, కొంచెం చర్మం తీసి, బొడ్డుకు కింద మాత్రం బిగిస్తారు. బొడ్డు జోలికి పోరు. తొందరగా లేచి తిరగొచ్చు. రెండోది పెద్దది. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోస్తారు. బొడ్డు కింది చర్మం మొత్తం తీసేసి, కండరాలను పైనుంచి కింది దాకా కుట్టి, పై చర్మాన్ని కిందికి గుంజి, బొడ్డుకు కొత్తగా రంధ్రం చేస్తారు. మూడో దాంట్లో లోపలి కండరాలు, హెర్నియా మాత్రమే కుడతారు. పై చర్మం ఎలా ఉన్నది అలాగే వేలాడుతుంది.

నాకు చక్కగా అర్థమైంది. ఒకటి కింద మడిచి కుట్టడం. ఇంకోటి మొత్తం విప్పి మళ్ళీ కత్తిరించడం. మూడోది పైగుడ్డ ముట్టకుండా లైనింగ్ మార్చడం.

"మేడం, లోపట కొంచెం గుడ్డ వదిలి కుట్టరాదా?" అని అడిగాను. "నేను జాకెట్లకు గట్లనే వదుల్త. మళ్ల ఎన్నడన్న విప్పుకోవచ్చని."

ఆమె నవ్వింది. "తోలు గుడ్డ కాదమ్మా. తీసింది తీసినట్టే. నీకు చిన్నది పనికిరాదు, నీ బాధంతా బొడ్డుకు పైన ఉంది. నన్నడిగితే పెద్దదే. కానీ రెండు వారాలు నిటారుగా నిలబడలేవు, నెలన్నర మిషన్ తొక్కొద్దు, బిందె ఎత్తొద్దు. బొడ్డు కింద చాలారోజులు స్పర్శ ఉండదు. కొందరికి పూర్తిగా తిరిగి రాదు కూడా. ఇంటికి పోయి ఆలోచించుకో."

మస్కట్‌లో ఉన్న మా ఆయన వీడియో కాల్‌లో ఆ కాగితం చూశాడు. "చిన్నదే చేపిచ్చుకో. గింత కోసుడు ఎందుకు? నాకైతె నువ్వు గిట్లున్నా పట్టింపు లేదు" అన్నాడు. మనసులో ఉన్నదే అన్నాడు, మంచివాడు. నేను కోతకు భయపడుతున్నానని అనుకున్నాడు. నా భయం కోత గురించి కాదు. పెద్దది చేయించుకుంటే ఆ కుడివైపు మొత్తం పోతుంది. ఆ మాట అతనితో అనలేకపోయాను. బాబు సంగతి మా ఇద్దరి మధ్య ఎప్పుడు వచ్చినా అతను అక్కడ ఏడ్చేవాడు, నేను ఇక్కడ ఫోను పెట్టేసేదాన్ని.

రెండు నెలలు ఇదే గోల. మిషన్ మీద నొప్పి లేచినప్పుడు పెద్దదే చేయించుకుందాం అనుకునేదాన్ని. స్నానం చేస్తూ చెయ్యి ఆ చారల మీద పడితే, వద్దు, లోపల కుట్టించుకుని పైన అలాగే ఉంచుకుందాం అనుకునేదాన్ని. మళ్ళీ బస్సులో ఎవరో చోటిచ్చేవారు. ఆ చర్మం వేలాడినన్నాళ్ళూ ఆ ప్రశ్న వదలదు. దానికి జవాబు చెప్పి చెప్పి నాకు విసుగు పుట్టింది. కన్నబిడ్డ గుర్తు మీద విసుగు పుట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

ఆ చిక్కు తీర్చింది ఒక జాకెట్. ఒకామె పట్టు జాకెట్ తీసుకుపోను వచ్చి, వేసుకు చూడకముందే, "ముక్క ఏది?" అంది. మా దగ్గర అది రివాజు. కత్తిరించగా మిగిలిన గుడ్డ ఎంత చిన్నదైనా జాకెట్‌లో చుట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే దొంగ టైలర్ అని పేరు పడుతుంది. ఆ ముక్కతో వాళ్ళు చేసేదేమీ ఉండదు, అయినా అది వాళ్ళది. నేను ముక్క చుట్టి ఆమె చేతికిస్తూ అలాగే ఉండిపోయాను. ఆసుపత్రిలోనూ ఇంతే కదా. మా పక్కింటామెకు పిత్తాశయంలో తీసిన రాళ్ళు సీసాలో పోసి ఇచ్చారు, టీవీ పక్కన పెట్టుకుంది. ఎవరికి ఏ గడ్డ తీసినా ట్రేలో తెచ్చి ఇంటివాళ్ళకు చూపిస్తారు. కాన్పులో మాయను కవరులో కట్టి ఇస్తారు, తీసుకుపోయి పూడుస్తాం. నా ముక్క నాకు ఇస్తారు. దాన్ని చేనుకు తీసుకుపోయి వాడి పక్కన పెడతాను. వాడికి నా చేత్తో నేను చేయగలిగిన పని అదొక్కటే.

అలా అనుకున్నాక గుండె తేలికైంది. పెద్దదే చేయమని ఫోన్ చేసి చెప్పాను. ముక్క ఇస్తారా అని మాత్రం అడగలేదు. ఇంత చదువుకున్నామెను అదేం ప్రశ్న అని సిగ్గుపడ్డాను. నా దగ్గరికి వచ్చే ఏ ఆడమనిషీ సిగ్గుపడదు, గుడ్డ నా బల్ల మీద పెట్టకముందే అడుగుతుంది.

కవలలని తెలిసిన నెలలోనే తెల్ల మల్లు గుడ్డతో రెండు అంగీలు కుట్టాను. ఒకటి పాప వేసుకుని చింపింది. రెండోది మడత విప్పకుండా పెట్టెలోనే ఉంది. ఆపరేషన్ రోజు పొద్దున ఆ అంగీని ఒక స్టీలు డబ్బాలో పెట్టి, తోడు వచ్చిన అమ్మ చేతికి ఇచ్చాను.

"తీసింది తెచ్చి నీకు సూపెడ్తరు. అడిగి తీస్కోని గీ అంగిల సుట్టి డబ్బల పెట్టు."

అమ్మ అంగీ చూసింది. అదేమిటో ఆమెకు తెలుసు. "ఎందుకే?" అంది.

"చేనుకు కొంటవోదాం. వాని పక్కకు పెడ్త."

ఆమె డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకుంది. సరేనన్నట్టే అనుకున్నాను.

డాక్టరమ్మ నన్ను నిలబెట్టి పొట్ట మీద మార్కర్‌తో గీతలు గీసింది, నేను చాక్‌పీసుతో గీసినట్టే. ఈసారి ఊపిరి బిగబట్టలేదు. కుడివైపు చారల మీదుగా గీత పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మెలకువ వచ్చేసరికి పొట్ట మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నంత బిగువు. రెండు పక్కలా పైపులు, నడుముకు బెల్టు, మోకాళ్ళ కింద దిండ్లు. దగ్గు వస్తే ప్రాణం పోయేది. "తీస్కున్నవా?" అని అమ్మను అడిగాను. "పండుకో" అంది. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర డబ్బా కనపడింది. చేయి చాపి అందుకుని మూత తీశాను. లోపల నాలుగు ఇడ్లీలు ఉన్నాయి.

కట్టు మార్చడానికి వచ్చిన నర్సును అడిగాను. ఆమెకు నా మాట మొదట అర్థం కాలేదు. "తోలా? అది ఇచ్చేది కాదక్కా, రూల్ లేదు. పసుపుపచ్చ కవర్ల పోతది, పొద్దున బండి అచ్చి తీస్కపోయింది. అయినా మీ అమ్మ అడగనే లేదు గద. ట్రే పట్టుకపోతే మొకం తిప్పుకోని, పారెయ్యున్రి, మాకు వద్దు అన్నది."

అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది. నాకు వచ్చిన కోపానికి లేచి నిలబడే శక్తి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. గోడ వైపు తిరుగుదామన్నా తిరగలేను. కళ్ళు మూసుకున్నాను.

ఆసుపత్రి నుంచి అమ్మ నన్ను సిరిసిల్లకు తీసుకుపోయింది. వారం రోజులు ఆమె చేతి అన్నం తిన్నాను, ఆమె భుజం పట్టుకుని ముసలిదానిలా వంగి నడిచాను, ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇంటి వరుసంతా బట్ట నేసే సాంచాల చప్పుడు. మాట్లాడాలంటే అరవాలి, కాబట్టి మాట్లాడకపోయినా ఎవరికీ తెలియదు. అమ్మ వాకిట్లో కూర్చుని సాంచాలకు కండెలు చుట్టేది, పాప పక్కన కూర్చుని ఆడుకునేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పాప బయటికి ఉరికింది. అమ్మ లోపలికి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఎందుకు పారెయ్యమన్నవ్?" అన్నాను. "నీకు జెప్పిన గదనే, వాని పక్కకు పెడ్తనని. ఒక్క పని జెప్పిన."

"ఏ పక్కకు పెడ్తవ్ బిడ్డా?" అంది అమ్మ. "చేన్ల ఏం లేదు."

నాకు తలకెక్కలేదు. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

"నీకు రక్తమెక్కుతున్నది. మీ నాయిన సాంచకాడ ఉన్నడు, కబురు పోలె. అల్లుడు ఆ దేశంల. వాణ్ణి బట్టల సుట్టి నా చేతిల వెట్టిండ్రు. ఒక చేతిల పిల్ల, ఒక చేతిల వాడు. పిల్లకు పాలు లేక ఒక్కతీరుగ ఏడుస్తున్నది. ఇద్దర్ని వట్టుకోని నేను ఏడికి పోవాలె? నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె? ఊడ్సే ఆయమ్మ అచ్చింది. నాకియ్యి పెద్దమ్మా, నేను సూసుకుంట అన్నది. ఇచ్చిన."

"ఏడికి కొంటవోయింది?"

"అడగలె."

వీధిలో ఎవరో కరెంటు గురించి తిట్టుకుంటూ పోయారు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు తెలివికచ్చి అడిగితివి. ఏం జెప్పాలె? చేన్ల పెట్టినమన్న. గంతటితోని అయిపోతదనుకున్న. నువ్వేమొ ఏటేటా బిస్కట్లు వెట్టవడ్తివి. గా అంగి సూసినంక నాకు కాల్లు చేతులు ఆడలె. మూల తవ్వుదాం, ఏడున్నడో సూపెట్టు అంటె నేను ఏం సూపెట్టాలె?"

నేను ఆమెను తిట్టాలి. ఆరేళ్ళు ఉత్త మట్టి ముందు నిలబెట్టి నన్ను ఏడిపించింది. తిట్లు గొంతు దాకా వచ్చాయి. కానీ ఆమె రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. ఏ చేతిలో ఎవరున్నారో ఇప్పటికీ తెలుస్తున్నట్టే కనిపించింది. నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"వాని మొకం సూసినవా?"

"సూసిన."

"ఎట్లుండె?"

"నీ ముక్కే. చెవులు అల్లునియి. నెత్తి నిండ ఎంటికలు." తన చేతుల వైపు చూసుకుని, "బరువు లేకుండె బిడ్డా, అస్సలు బరువు లేకుండె" అంది.

ఏడేళ్ళలో ఈ మాట అడగాలని నాకు తోచలేదు. తల్లి చూడకూడదంటే, అడగనూ కూడదనుకున్నాను. కుట్లు పిగులుతాయేమో అని భయం వేసేంతగా ఏడ్చాను. అమ్మ నా పొట్ట మీద దిండు అదిమి పట్టుకుంది, దగ్గినప్పుడు అలా పట్టాలని నర్సు నేర్పింది. ఆ తర్వాత కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కసారే మొదలయ్యాయి, అమ్మ లేచి కండెల దగ్గరికి పోయింది.

రెండు నెలలకు కోరుట్లలో మళ్ళీ మిషన్ ముందు కూర్చున్నాను. బొడ్డు దగ్గర ఏమీ తోసుకురావడం లేదు. నడుము నొప్పి తగ్గింది. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టే చేసింది, ఆమెను అనడానికేమీ లేదు. దుకాణానికి వచ్చినవాళ్ళు సన్నబడ్డావని మెచ్చుకుంటారు. బస్సులో ఎవరూ చోటివ్వరు, ఎవరూ ఏమీ అడగరు. ఈ ఎండాకాలం సిరిసిల్ల పోయినా ఎల్లారెడ్డిపేట పోలేదు. అమ్మ కూడా పోదామనలేదు.

మొన్న ఆదివారం పాపకు స్నానం చేయిస్తుంటే నా చీర తడిసింది. మార్చుకుంటుంటే అది తుంటి నుంచి తుంటి దాకా ఉన్న గీతను చూసింది. ఆ గీతకు పైన చర్మం నున్నగా, చారలు లేకుండా ఉంది. అది ఇంతకుముందు డొక్కల కింద ఉండే చర్మం, కిందికి గుంజి కుట్టినది. పాప కాసేపు వెతికింది.

"అమ్మా, తమ్ముడు ఉన్న దిక్కు ఏది?"

అది తనే కుడివైపు ఒక చోట వేలు పెట్టి నొక్కింది. తడి వేలు, సబ్బు నురగతో. వేలు కనపడుతోంది, నొక్కిన చోట గుంట పడడం కనపడుతోంది. నాకు స్పర్శ తెలియలేదు.

"గిక్కడ్నేనా?" అంది.

"ఆ బిడ్డా, గక్కడ్నే" అన్నాను.